అనంతపురం: 9 ఏళ్ల కాక్‌టెయిల్ పిట్టకి ఇల్లు కావాలి (అమ్మకం కాదు)

వేపచెట్టు_ఇల్లు · మార్చి 2, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది అనంతపురం. మా మామయ్య జనవరిలో పోయినారు. ఆయన పెంచిన కాక్‌టెయిల్ (చిలక జాతి చిన్న పిట్ట) ఒకటి ఉంది. మగది, బూడిద రంగు, చెంపల మీద నారింజ బొట్లు. పేరు చిట్టి. తొమ్మిదేళ్లు నిండినాయి.

మా పాపకు మూడేళ్లు. చలికాలం నుంచి పిల్లికూతలు. డాక్టరు దగ్గరికి పోతే ఆమె మొదట అడిగింది "ఇంట్లో పిట్టలేమన్నా ఉన్నాయా" అని. చిట్టి ఒళ్లు విదిలిస్తే తెల్లటి పొడి లేస్తుంది, ఫ్యాను రెక్కల మీద కూడా పేరుకుంటుంది. ఇన్నేళ్లూ తుడుస్తూనే ఉన్నా గానీ అది పాప ఊపిరితిత్తుల్లోకి పోతుందని తట్టలేదు. పైగా జూన్‌లో మేం బెంగళూరు పోతున్నాం, అత్తయ్యా మాతోనే వస్తారు. చిన్న ఫ్లాట్.

దీని సంగతి ఒకటి చెప్పాలి. మామయ్య టీవీఎస్ ఎక్సెల్ గేటు దగ్గర ఆగీ ఆగకముందే ఇది రెండు ఈలలు వేసేది. ఒకటి పొట్టిది, ఒకటి సాగదీసి. ఇప్పటికీ వీధిలో ఎవరి ఎక్సెల్ పోయినా వేస్తుంది. వేసి, గేటు వైపు తిరిగి కూర్చుంటుంది. నెల రోజుల నుంచి రొమ్ము మీద ఈకలు పీక్కుంటా ఉంది. రూపాయి బిళ్లంత బోడి అయింది.

డబ్బులు అక్కర్లేదు. పంజరం, గింజల డబ్బా, దాని ఊయల అన్నీ ఇచ్చేస్తాం. ఇంట్లో ఒక రామచిలక కూడా ఉంది, దానికీ ఎవరైనా దొరికితే చెప్పండి.

బురుజు_కుర్రోడు · మార్చి 2, రాత్రి 11:05

అక్కా నాకియ్యండి. కర్నూల్లో హాస్టల్లో ఉంటా. రూమ్మేట్లు ఒప్పుకుంటారు.

కొర్రకంకి · మార్చి 3, ఉదయం 5:50

తమ్ముడూ, హాస్టల్ వార్డెను ఒప్పుకుంటాడా? సెలవుల్లో యాడ పెడతావు? నీ డిగ్రీ అయిపోయేనాటికి దానికి పన్నెండేళ్లు. సరిగ్గా చూసుకుంటే కాక్‌టెయిల్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. నీ పెండ్లికి కూడా అదొస్తుంది. కోపం తెచ్చుకోవద్దు, ఆశ ఉండడం మంచిదే. ముందు ఒక బడ్జీ (చిన్న పెంపుడు చిలక) జత గురించి చదువు.

అమ్మా, మీ పోస్టు చదివినాక టీ చల్లారిపోయింది. రెండు మాటలు. ఒకటి, ఈకలు పీక్కోవడం అంటే దిగులే అని తీర్మానం చేసుకోవద్దు. దిగులు కావచ్చు, పేలు కావచ్చు, తిండిలో లోటు కావచ్చు, లోపల కాలేయం చెడి ఉండచ్చు. రెండు, ఇల్లు వెతికేలోగా రోజూ పొద్దున తూకం చూడండి. వంటింట్లో గ్రాముల కాటా ఉంటే చాలు, చిన్న గిన్నె పెట్టి దాంట్లో గింజలు వేస్తే అదే ఎక్కుతుంది. 80 నుంచి 110 గ్రాముల మధ్య ఉంటుంది మామూలుగా. పదో వంతు తగ్గిందంటే ఆలస్యం చేయద్దు. పిట్ట జబ్బును దాచిపెడుతుంది. మనకు కనపడేసరికి చాలా దూరం పోయి ఉంటుంది.

ఏం పెడుతున్నారు తినడానికి?

వేపచెట్టు_ఇల్లు · మార్చి 3, ఉదయం 9:20

పొద్దుతిరుగుడు గింజలు, పచ్చి బుడ్డలు (వేరుశనగ), అప్పుడప్పుడు చపాతీ. మామయ్య తన పళ్లెంలోంచే పెట్టేవారు. పొద్దున తూచినా. 84.

కొర్రకంకి · మార్చి 3, ఉదయం 9:41

అదే అనుకున్నా. పొద్దుతిరుగుడు, బుడ్డలు రెండూ నూనె గింజలు. మనకు రోజూ మిర్చి బజ్జీలు పెట్టినట్టు. బుడ్డలతో ఇంకో ప్రమాదం, తడి తగిలి బూజు పట్టినవాటిలో అఫ్లాటాక్సిన్ అని విషం తయారవుతుంది. కంటికి కనపడదు. మనకంటే పిట్ట కాలేయం ముందు పోతుంది. అనంతపురం వాళ్లకు బుడ్డలు పెట్టద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మన సీమలో దేవుడిచ్చిన మేత కొర్రలు. ఆరోగ్యం అంగట్లో దొరికే కొర్ర బియ్యం కాదు, పొట్టు తీయని కొర్రలు. విత్తనాల అంగట్లో మందు కలిపినవి ఉంటాయి, వాటి జోలికి పోవద్దు, రైతు దగ్గర తీసుకోండి. కంకితో సహా దొరికితే ఇంకా మేలు, వేలాడదీస్తే ఒలుచుకోవడంలోనే దానికి పూట గడిచిపోతుంది. పీక్కునే పిట్టకు ముక్కుకు పని కావాలి. సజ్జలు కాస్త, కుసుమలు కొంచెం, మునగాకు, కొత్తిమీర. మార్పు ఒక్క రోజులో చేయద్దు, పాత మేత తగ్గిస్తూ మూడు నాలుగు వారాలు. లేకపోతే అలిగి పస్తులుంటుంది.

కలర్_మ్యుటేషన్స్ · మార్చి 3, మధ్యాహ్నం 1:15

కర్నూలు. 2500 ఇస్తా. నా దగ్గర ల్యూటినో (లేత పసుపు రంగు) ఆడది ఒంటరిగా ఉంది, జత కడతా. రేపే వచ్చి తీసుకుపోతా.

ఎర్రమట్టి · మార్చి 3, మధ్యాహ్నం 2:02

"రేపే వచ్చి తీసుకుపోతా" అనే మాట వింటే నాకు భయం.

చెప్పుకోవడానికి సిగ్గే గానీ చెప్తా. మాది తాడిపత్రి. మూడేళ్ల కింద నా దగ్గర ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ జత ఉండేది. అంగళ్లలో లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీలు కాదు, అసలువి. ఉద్యోగం మారి ఎవరికైనా ఇద్దామని పెట్టినా. ఒకాయన భార్యను, పాపను వెంటబెట్టుకొని వచ్చినాడు. పాప పుట్టినరోజంట. నేను పంజరం కూడా ఉచితంగా ఇచ్చి, మా ఆవిడ పాపకు బొట్టు పెట్టి పంపింది. రెండు ఆదివారాల తర్వాత సంతలో ఇంకో పని మీద పోతే, తాడుకు వేలాడదీసిన పంజరాల్లో నా జత. మగదానికి కుడికాలు చివరి గోరు లేదు, అట్ల గుర్తుపట్టినా. నేను ఊరికే ఇచ్చినదాన్ని 1,400 పెట్టి కొని తెచ్చుకున్నా. అమ్మేవాడు ఇంకో యాభై తగ్గించినాడు, "రెగ్యులర్ కస్టమర్" అని.

కాబట్టి అక్కా, మీరే వాళ్ల ఇంటికి పోయి చూడండి. పోలేకపోతే వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమనండి, వంటిల్లుతో సహా. కాగితం మీద రాయించుకోండి, వద్దనిపిస్తే నాకే తిరిగి ఇవ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అని. కోర్టులో నిలబడుతుందో లేదో నాకనవసరం. సంతకం పెట్టమంటే సగం మంది అక్కడికక్కడే జారుకుంటారు, అది చాలు.

కలర్_మ్యుటేషన్స్ · మార్చి 3, మధ్యాహ్నం 2:30

అన్నా, బ్రీడర్ అంటే కసాయి కాదు. నా దగ్గర ఎండాకాలం కూలర్ నా గదిలో ఉండదు, పిట్టల గదిలో ఉంటుంది. సంతవాడినీ నన్నూ ఒక గాటన కట్టొద్దు.

కొర్రకంకి · మార్చి 3, మధ్యాహ్నం 3:10

నిన్ను కసాయి అనలేదు నాయనా. కానీ ఆ పిట్ట తొమ్మిదేళ్లు మనిషి భుజం మీద బతికింది. దాన్ని తెచ్చి ముప్పై పిట్టల గదిలో వేస్తే అది జత కడుతుందా, మూల నక్కుతుందా? ఇప్పటికే పీక్కుంటోంది. నీకు కావాల్సింది పుంజు. దానికి కావాల్సింది మనిషి. అంతే తేడా.

కలర్_మ్యుటేషన్స్ · మార్చి 3, మధ్యాహ్నం 3:34

ఆ మాట ఒప్పుకుంటా. ఉపసంహరించుకుంటున్నా.

సీమ_నిర్వాహకుడు · మార్చి 3, సాయంత్రం 6:00

రామచిలక గురించి ఎవరూ "నాకివ్వండి" అని రాయవద్దు. రాసిన రెండు పోస్టులు తీసేశాను. మన దేశపు చిలకలు, నల్లజీనువాయిల్లాంటి మునియా పిట్టలు 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. పెంచడం, ఇవ్వడం, అమ్మడం అన్నీ నేరమే. 2022లో చట్టం సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చినాక మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అక్క తెలియక అడిగారు, ఆ పోస్టు ఉంచుతున్నా.

కాక్‌టెయిల్‌కి ఆ గొడవ లేదు. కొంతమంది కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలా అని మెసేజ్ పెట్టారు. 2024 నిబంధనలు అంతర్జాతీయ సైటీస్ (జీవజాతుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జంతువులకు. సన్ కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి విదేశీ చిలకలు ఉన్నవాళ్లు చేయాలి, చేతులు మారినా తెలపాలి. కాక్‌టెయిల్, బడ్జీ, పీచ్‌ఫేస్ లవ్ బర్డ్ ఆ జాబితాలో లేవు.

వేపచెట్టు_ఇల్లు · మార్చి 3, రాత్రి 9:30

అయ్యో, నాకు నిజంగా తెలీదు. ఆరేళ్ల కింద గాలివానకు వేపచెట్టు తొర్రలోంచి పడిపోయిన పిల్ల అది. ఈకలు కూడా రాలేదు. అత్తయ్య రాగి జావ వేలి మీద పెట్టి బతికించారు. మా వీధిలో నాలుగు ఇండ్లలో చిలకలున్నాయి, చిలక జోస్యం చెప్పేవాళ్లూ బజార్లో తిరుగుతుంటారు. నేరమని ఎవరనుకుంటారు.

జైల్లో వేస్తారా?

బురుజు_కుర్రోడు · మార్చి 3, రాత్రి 9:52

అక్కా రెండింటినీ వదిలేయండి, స్వేచ్ఛ. రోళ్లపాడు అభయారణ్యం ఉంది కదా, నేనే తీసుకుపోయి వదుల్తా.

కబూతర్_కడప · మార్చి 3, రాత్రి 10:15

అరె భాయ్, రోళ్లపాడు బట్టమేక పిట్ట కోసం పెట్టింది, ఆస్ట్రేలియా వాళ్లకు లాడ్జి కాదు. కాక్‌టెయిల్ పుట్టుక ఆస్ట్రేలియాదే గానీ ఇది పుట్టింది ఏదో పంజరంలో. గింజ గిన్నెలో ఉంటుందనే దానికి తెలుసు. బయట వదిలితే మధ్యాహ్నానికి కాకులు కనిపెడతాయి, సాయంత్రానికి డేగ.

నేను పావురాల వాడిని, మా అబ్బాజాన్ కాలం నుంచి మిద్దె మీద గూళ్లున్నాయి. పావురం ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. కాక్‌టెయిల్ రాదు. ఒకసారి గాలి పైకెత్తిందంటే భయంతో నిటారుగా ఎగిరి పోతూనే ఉంటుంది. కిందికి దిగడం అలవాటు లేదు దానికి. నాకు తెలిసిన ఒక అమ్మాయి మిద్దె మీద నిలబడి మూడు రోజులు పిలిచింది. దొరకలేదు.

నాలుగో_ఏడాది · మార్చి 4, ఉదయం 7:10

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదువుతున్నా. ఇంకా డాక్టర్ని కాను, కాబట్టి మందుల పేర్లు అడగొద్దు.

చిలకను కూడా సొంతంగా వదలకండి. పిల్లప్పుడే చేతికి వచ్చినదానికి గుంపు తెలీదు, శత్రువు తెలీదు, మనిషిని చూస్తే దగ్గరికొస్తుంది. అడవి శాఖ ఆఫీసుకు మీరే పోయి, ఎట్లా దొరికింది, ఎన్నేళ్లయింది అని తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి. నేను ఇంటర్లో ఉండగా మా బాబాయి అట్లాగే ఒక చిలకను ఇచ్చి వచ్చాడు. సంతకం పెట్టించుకొని, ఒక పెద్దాయన టీ కూడా తాగించి పంపాడంట. అందరికీ అట్లే జరుగుతుందని హామీ ఇవ్వలేను గానీ, పట్టుబడడం వేరు, మనమే పోయి చెప్పడం వేరు.

కాక్‌టెయిల్‌ని ఇచ్చేముందు ఒకసారి పరీక్ష చేయించండి. రెట్ట పరీక్ష ముఖ్యం. కాక్‌టెయిల్, బడ్జీల నుంచి సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మనుషులకు రావచ్చు, పైకి ఆరోగ్యంగా కనిపించే పిట్ట కూడా మోస్తుంది. పాపకు పిల్లికూతలని చెప్పారు కాబట్టి, ఇంట్లో పిట్ట ఉందన్న సంగతి పిల్లల డాక్టరుకు ప్రతిసారీ గుర్తుచేయండి. తీసుకునేవాళ్ల ఇంట్లో వేరే పిట్టలుంటే 30 నుంచి 45 రోజులు వేరే గదిలో పెట్టాలి. ఒకే గదిలో రెండు పంజరాలు దూరంగా పెడితే చాలదు, గాలి ఒకటే.

వేపచెట్టు_ఇల్లు · మార్చి 9, మధ్యాహ్నం 3:45

ఊళ్లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయినా. అక్కడ చూసినాయన "బర్రెలొచ్చే చోటికి పిట్టను తెచ్చినావా" అని నవ్వినాడు. పంజరం వైపు కూడా చూడలేదు. బెంగళూరులో పిట్టల డాక్టరు ఉన్నారని మా ఆయన ఆదివారం తీసుకుపోయినారు. పేలు లేవు, కాలేయం మీద కొవ్వు ఉండచ్చు అన్నారంట, రెట్ట పరీక్షలో ఏమీ లేదు. మేత మార్చమన్నారు, కొర్రకంకి అన్న చెప్పిందే. పంజరం పాతది, జింకు పూత రాలుతోంది, దాన్ని కొరుకుతోంది కాబట్టి పడేయమన్నారు. మామయ్య దాన్ని పాతూళ్లో కొనుక్కొచ్చి ఎంత మురిసిపోయినారో.

కొర్ర కంకి తలకిందులుగా వేలాడి తింటోంది. 86.

డోన్_టైలరమ్మ · మార్చి 11, రాత్రి 11:30

నమస్తే అమ్మా. నేను డోన్‌లో బట్టలు కుడతాను. ఇంట్లోనే మిషను. ఇంట్లో నేనూ, మా అమ్మ. వేరే పిట్టలు లేవు, పిల్లి లేదు. మా కాక్‌టెయిల్ పోయిన సంవత్సరం పోయింది, పద్నాలుగేళ్లు ఉండింది. మళ్లీ వద్దనుకున్నాను. మీ ఎక్సెల్ మాట చదివినప్పటి నుంచి నిద్ర పట్టలేదు. ఎవరూ దొరక్కపోతే చెప్పండి.

కొర్రకంకి · మార్చి 12, ఉదయం 5:45

అడగాల్సినవి అడుగుతా అమ్మా, ఏమనుకోవద్దు. నాన్‌స్టిక్ పెనం ఉందా? అది బాగా వేడెక్కి ఖాళీగా మాడితే వచ్చే పొగకు పక్క గదిలో పిట్ట కూడా నిమిషాల్లో చచ్చిపోతుంది. రాత్రి లైటు పూర్తిగా ఆర్పేస్తారా? మిషను దగ్గర సూదులు, గుండీలు, దారం ముక్కలు ఉంటాయి కదా, వదిలినప్పుడు ఎట్లా?

డోన్_టైలరమ్మ · మార్చి 12, రాత్రి 10:50

ఇనప పెనమే. రాత్రి జీరో బల్బు ఉంచుతాను. చీకట్లో ఉలిక్కిపడి పంజరమంతా కొట్టుకుంటాయి, మా దానికీ ఆ అలవాటు ఉండేది. మిషను గది వేరు, తిరిగే గది వేరు. తలుపుకు అద్దం ఉంది, నేను కనపడుతుంటాను. దారం కాలికి చుట్టుకొని పాతదానికి ఒకసారి వేలు వాచింది, అప్పటి నుంచి జాగ్రత్త. ఫ్యాను ఆపకుండా పంజరం తలుపు తీయను.

అవొకాడో అడగలేదు మీరు. అది విషమని తెలుసు. డోన్‌లో ఎవరు తింటారులెండి.

ఎర్రమట్టి · మార్చి 12, రాత్రి 11:02

ఇంకేం కావాలి. అక్కా, ఈమెకే ఇచ్చేయండి.

వేపచెట్టు_ఇల్లు · మార్చి 17, సాయంత్రం 4:20

మేం ముగ్గురం డోన్ పోయి వచ్చినాం. అత్తయ్య ఎవరితోనూ మాట్లాడకుండా ఆ గదంతా చూసి, కిటికీ చువ్వలు లాగి చూసి, బయటికొచ్చి "సరే" అన్నారు. రాతకోతలు కూడా అయినాయి. కొత్త పంజరం మేమే కొనిస్తాం.

ఉగాది లోపలే ఇచ్చేయమని కొర్రకంకి అన్న మెసేజ్ పెట్టినారు, తర్వాత ఎండలకు ప్రయాణం కష్టమని. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తే వడదెబ్బ గుర్తంట. తెల్లారి నాలుగున్నరకు బయల్దేరి గుత్తిలో కలుద్దామనుకున్నాం, ఇద్దరికీ సగం దారి.

కొర్రకంకి · మార్చి 17, సాయంత్రం 5:00

నీళ్ల గిన్నె దారిలో ఒలుకుతుంది, బదులుగా కీరా ముక్క పెట్టండి. మీ మామయ్య పాత తువ్వాలు ఒకటి ఇవ్వండి, పంజరం మీద కప్పేదానికి. దాని రోజు ఎట్లా గడుస్తుందో కాగితం మీద రాయండి: ఎన్నింటికి లేస్తుంది, ఏ మాటకు వస్తుంది, దేనికి భయపడుతుంది. మేత కంటే ఆ కాగితం ముఖ్యం.

వేపచెట్టు_ఇల్లు · మార్చి 23, రాత్రి 9:15

ఇచ్చేసినాం. గుత్తిలో బస్టాండు ఎదురుగా టీ బంకు దగ్గర. చీకటి పూర్తిగా పోలేదు. తువ్వాలు కింద నుంచి చిన్నగా కిచకిచమని వింటూనే ఉన్నాం. అత్తయ్య కాగితం చదివి వినిపించినారు, ఆమె చేతిలో పెట్టకుండా మొత్తం చదివినారు. నాలుగు గంటలకు టీ టైముకు స్టీలు గ్లాసును ముక్కుతో కొడుతుంది, టీ పోయద్దు, ఖాళీ గ్లాసు ఇస్తే చాలు. ప్రెజర్ కుక్కరుకు భయం లేదు, మిక్సీకి భయం. నల్ల గొడుగు చూపించద్దు.

చిలకను శుక్రవారం అడవి శాఖకు ఇచ్చి వచ్చినాం. టీ ఏమీ ఇవ్వలేదు గానీ ఒక్క మాటా అనలేదు. అత్తయ్య రాలేదు. తలుపేసుకొని పడుకున్నారు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

డోన్_టైలరమ్మ · మార్చి 24, రాత్రి 10:40

తినడం లేదు. పంజరం మూల కూర్చుంది. 85.

నాలుగో_ఏడాది · మార్చి 24, రాత్రి 10:55

రెట్ట ఎట్లా ఉంది? ముదురాకుపచ్చగా, కొంచెం కొంచెమే ఉంటే తినట్లేదని అర్థం. రేపు సాయంత్రానికి గింజ ముట్టకపోతే ఆగొద్దు, డాక్టరుకు ఫోన్ చేయండి.

కొర్రకంకి · మార్చి 24, రాత్రి 11:10

దాని పక్కన కూర్చొని మీరు తినండి అమ్మా. ఒక్కతే తినదు, గుంపులో ఎవరో ఒకరు తింటే తింటుంది. పళ్లెం చప్పుడు కావాలి.

డోన్_టైలరమ్మ · మార్చి 25, రాత్రి 9:30

మధ్యాహ్నం పంజరం పక్కన పీట వేసుకొని జొన్న రొట్టె తిన్నాను. చూసింది. నేను కొర్రలు అరచేతిలో పోసుకొని నోట్లో వేసుకున్నట్టు నటించాను, మా అమ్మ నవ్వింది. దిగి వచ్చి తింది. కాసేపటికి మిషను మీద కూర్చుంటే తొక్కుడు చప్పుడుకు తల ఊపుతా ఉంది.

ఎర్రమట్టి · మార్చి 25, రాత్రి 9:33

హమ్మయ్య.

డోన్_టైలరమ్మ · ఏప్రిల్ 20, రాత్రి 10:15

91 గ్రాములు. రొమ్ము మీద ముళ్లలా కొత్త ఈకలు పొడుస్తున్నాయి. ఒక్కోటి వెంట్రుక తొడుగులో ఉన్నట్టు, అది ముక్కుతో చీలిస్తే కుచ్చులా విచ్చుకుంటోంది. కొన్ని మళ్లీ పీకేసింది. కానీ రూపాయి బిళ్ల కాస్తా అర్ధ రూపాయి అయింది.

ఒక సంగతి అడగాలి అమ్మా. మా వీధిలో నీళ్ల క్యాన్లు వేసే పిల్లోడికి ఎక్సెల్ ఉంది. వాడొచ్చినప్పుడల్లా రెండు ఈలలు వేస్తోంది. వేసి నా వైపు చూస్తోంది. దానికి మీ మామయ్య తిరిగి ఏమనేవారు? కాగితంలో రాయలేదు.

వేపచెట్టు_ఇల్లు · ఏప్రిల్ 20, రాత్రి 11:50

అత్తయ్యను అడిగినా. చాలాసేపు ఏమీ అనలేదు. స్టాండు వేస్తా "వస్తి రా నాయనా, వస్తి" అనేవారంట.

డోన్_టైలరమ్మ · ఏప్రిల్ 22, రాత్రి 10:05

అంటున్నాను. నీళ్ల పిల్లోడు రోజుకు నాలుగు ట్రిప్పులు తిరుగుతాడు. నిన్న నేను ఎవరితో మాట్లాడుతున్నానో అర్థం కాక, వాడే లోపలికొచ్చి "పిలిచినావా అక్కా" అని ఒక క్యాను దించి పోయినాడు.